గ్రౌండ్ ఎవడబ్బ సొత్తు?

"ఫుట్‌బాల్‌లో కులమెక్కడుంది సార్? మెరిట్ ఉన్నోడు ఆడతాడు" అంటున్నారు. చెప్తాను.

సెలక్షన్ రోజు కోచ్ చూసేది ఆటనే. కానీ ఆ రోజు దాకా వచ్చేదెవరు? నెలనెలా అకాడమీ ఫీజు కట్టగలిగినోడు. బూట్లు కొనుక్కోగలిగినోడు. అండర్-13, అండర్-15కి పుట్టిన తేదీ సర్టిఫికెట్ చూపగలిగినోడు. సాయంత్రం పనికి పోనక్కర్లేనోడు. రిఫరీ విజిల్ వేయకముందే కులం తన సెలక్షన్ చేసేసుకుంది. ఆ వడపోతలో మిగిలినదానికి మీరు పెట్టుకున్న పేరే మెరిట్.

నాగపూర్‌లో విజయ్ బార్సే అనే కాలేజీ అధ్యాపకుడు బస్తీ పిల్లలకు టోర్నమెంట్ పెట్టాడు. అదే స్లమ్ సాకర్‌గా ఎదిగింది. 2022లో నాగరాజ్ మంజులే ఆ కథతో 'ఝుండ్' తీస్తే, అమితాబ్ అంబేడ్కర్ ఫొటో ముందు నిలబడ్డ సీన్ మనం స్టేటస్ పెట్టుకున్నాం. సరే. ఆ తర్వాత మన బస్తీల్లో ఎన్ని టీములు లేచాయి?

మనోళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఏప్రిల్ 14న టోర్నమెంట్, డీజే, కప్పు, ఫ్లెక్సీ. మరి ఏప్రిల్ 15న బంతి ఎక్కడుంది?

టీమంటే కప్పు కాదు. హాజరు పట్టీ. వారం వారం తప్పని ప్రాక్టీసు. అందరూ చూడగలిగే జమాఖర్చుల పుస్తకం. సర్టిఫికెట్ల కోసం మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగే ఒక అన్న. జిల్లా అసోసియేషన్‌లో క్లబ్ పేరు. ఆడపిల్లలకూ అదే గ్రౌండ్, అదే టైమ్. గెలుపు కోసం బలహీనుణ్ణి సీజనంతా బెంచీ మీద కూర్చోబెడితే, మనం వాళ్ల మెరిట్‌నే మోస్తున్నట్టు.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! 'సమీకరించు' అని గోడ మీద రాయడం తేలిక. పదకొండు మందిని రోజూ పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కు తేవడమే సమీకరణ. ముందు రిజిస్టర్ తెరవండి.

జై భీమ్.