అరకు కాఫీ సంఘం నుంచి గోనెగండ్ల పత్తి రైతుకు ఏమి అందాలి?

గోనెగండ్ల మండలంలో కాఫీ పండదు. గాజులదిన్నె జలాశయం కింది భూములను మినహాయిస్తే ఇది అధికభాగం వర్షాధారంగా పత్తి, వేరుశనగ, కంది సాగు చేసే ప్రాంతం. అయినా ఇటీవల అక్కడి రైతు సదస్సులో ఒక పత్తి రైతు కాఫీ గురించే అడిగాడు: “అరకు కాఫీ పారిస్‌లో అమ్ముతున్నారంట గదా సార్, మా పత్తికి ఆ యోగం ఎప్పుడు?” ఆనాటి నా సమాధానం నాకే తృప్తినివ్వలేదు.

ఫెయిర్‌ట్రేడ్ ముద్రే ఆ యోగానికి మూలమని మనలో చాలామంది భావిస్తున్నారు. ఆ విధానంలో కడిగిన అరబికా గింజల కనీస ధరను 2023 ఆగస్టులో పౌనుకు 1.40 డాలర్ల నుంచి 1.80 డాలర్లకు పెంచారు. దానిపై ప్రీమియం 20 సెంట్లు. అయితే ఇది ఎగుమతి ఓడరేవు వద్ద సంఘానికి దక్కే ధర. ఖర్చులు పోగా మిగిలినదే రైతుకు చేరుతుంది. మార్కెట్ కూలినప్పుడు అది రక్షణే. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ ధర 4 డాలర్లు దాటినప్పుడు మాత్రం ఆ రక్షణతో పనిలేకపోయింది. అటువంటి వేళ ఇంటి ముంగిట నగదు చూపే వ్యాపారిని కాదని సభ్యుడు సంఘానికే సరుకు పోస్తాడా అన్నదే అసలు పరీక్ష.

అరకు గిరిజన రైతులు పూర్వం కాఫీని ఇంటివద్దే ఎండబెట్టి దళారులకు అమ్మేవారు. నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో ఏర్పడిన చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయక సహకార సంఘం పండిన పండ్లనే ఏరించి, తూచి, కేంద్రంలో గుజ్జు తీయించి, కడిగి, ఆరబెట్టించింది. 2017 నాటి పారిస్ దుకాణం ఈ పని తరువాత వచ్చినదే.

పత్తికి కనీస మద్దతు ధర ఇప్పటికే ఉన్నది. రైతుకు లేనిది సొంత తూకం, సొంత పరీక్ష. భారత పత్తి సంస్థ 12 శాతానికి మించి తేమ ఉన్న పత్తిని కొనదు. తన పత్తిలో తేమ ఎంతో రైతుకు ఆదోని యార్డుకు చేరితే గాని తెలియదు. అప్పటికే బండి బాడుగ చెల్లించి ఉంటాడు, వెనక్కి తీసుకుపోలేడు. మన శిక్షణలలో సస్యరక్షణకు ఇచ్చే సమయంలో పదోవంతు కూడా ఈ విషయానికి ఇవ్వడం లేదు. ఆ తప్పులో నాకూ భాగమున్నది.

వచ్చే పత్తి తీతలకు ముందు ఒక్క గ్రామంలోనైనా సంఘం పేరిట కాటా, తేమమాపకం, ఆరబెట్టే కళ్లం ఏర్పాటు చేసి చూడాలి. భూమి ఉన్నవారికే సభ్యత్వమిచ్చే సంఘంలో, సుగ్గికి గుంటూరు వైపు వలసపోయే కూలీ కుటుంబాలకు చోటుండదు. కాబట్టి తీత కూలిని కూడా వారిని కూర్చోబెట్టుకొనే తీర్మానించాలి.