బ్యాటరీ మార్చిన పిదప కారు కదలకున్నచో



ముంగిట కారుండుట యొకటి, వేళకు కదలుట యొకటి. అర్ధరాత్రమున బిడ్డకు జ్వరము హెచ్చినపుడు, నిన్ననే క్రొత్త బ్యాటరీ వేయించిన కారు మూగవోయినచో గృహిణి దిక్కుతోచక నిలువరాదని మా కోరిక.

పూర్వము ఇంజనును ఇనుప హ్యాండిలుతో బలముగా త్రిప్పవలసి యుండెను. చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లతో వాడుకలోనికి వచ్చి, స్త్రీలకు కారు నడపుట సుకరము చేసెను. ఆ స్టార్టరునకు ప్రాణము బ్యాటరీ. కావున బ్యాటరీ పని జరిగిన వెంటనే లోపము కలిగినచో, మొదట ఆ పని జరిగిన చోటనే వెదకవలెను.

ముందు చూడుడు, వినుడు. తాళము త్రిప్పినను దీపమేదియు వెలుగనిచో, తీగ ఊడినదో, ప్రధాన ఫ్యూజు కాలినదో యని యనుమానింపవలెను. దీపములు వెలిగి, సెల్ఫు కొట్టగానే మందగించి, టకటక శబ్దము వచ్చినచో, బిగింపు వదులో, బ్యాటరీ నీరసమో యగును. ఇంజను చురుకుగా తిరుగుచు నంటుకొననిచో బ్యాటరీని నిందింపరాదు. తాళపుచెవి గుర్తుగల దీపము మినుకుమినుకు మనుచున్నచో, కారు ఆ చెవిని గుర్తింపలేదని భావము. రెండవ చెవితో ప్రయత్నింపుడు.

బానెట్ ఎత్తుటకు ముందు గాజులు, ఉంగరములు తీసివేయుడు. రెండు ధ్రువముల నడుమ లోహము తగిలినచో క్షణములో కాలి చేయి బొబ్బలెక్కును. బ్యాటరీనుండి మండెడు వాయువు వెలువడును గనుక, హారతి కర్పూరము, అగరువత్తులు దరికి తేరాదు. తీగల కొనలను చేతితో కదపి చూడుడు. ఏ మాత్రము కదలినను బిగింపు చాలలేదు. విప్పునపుడు ఋణధ్రువము మొదట, బిగించునపుడు అదియే చివర. ఇట్లు చేసినచో పానా కారు ఒడలికి తగిలినను నిప్పురవ్వ లేవదు. కొనలపై తెల్లని పొర యున్నచో వంటసోడా నీటితో తుడిచి యారనిండు.

ధ్రువములు తారుమారైనచో ఫ్యూజు కాలును. దానికి మారుగా తీగముక్క చుట్టనీయకుడు. అది అగ్నిప్రమాదమునకు ద్వారము.

ఇంతటితో తీరనిచో మెకానిక్కును పిలువుడు. మీ కన్నులయెదుట వోల్టు మీటరు పెట్టుమనుడు. విశ్రాంతిగా నున్న నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12కు దిగువనున్నచో దానికి చార్జింగు కావలెను. ఆ యంకె చూడకయే వేలు పోసి స్టార్టరు మార్పించుట, నాడి చూడకయే మందు మ్రింగుట వంటిది.