గొంతు ఎవరి సొత్తు?

అమెరికాలో ఏటా జరిగే నామ్ సంగీత ప్రదర్శనలో వాద్యాలనూ గొంతులనూ పలికించే కొత్త సాఫ్ట్‌వేర్లు చూపిస్తారు. అవి నార్సింగిలోని ల్యాప్‌టాప్‌కు చేరడం క్షణాల పని. కానీ ఆ గొంతులు యంత్రంలో పుట్టినవి కావు. 2007లో జపాన్‌లో వచ్చిన 'హత్సునే మికూ' వెనుక సాకీ ఫుజితా అనే నటి గొంతుంది.

'కీడా కోలా'లో బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా కృత్రిమంగా సృష్టించారని 2024లో కుటుంబం నోటీసు పంపింది. పేరున్నవారు అడగగలరు. కోరస్, ట్రాక్ పాడే స్త్రీల మాటేమిటి? 2012 కాపీరైట్ సవరణ గాయకులకు రాయల్టీ హక్కిచ్చింది. చేతిలో కాగితమే లేనామె దాన్నెలా నిరూపించుకుంటుంది?

ఇంటిచాకిరీని ప్రేమ అన్నట్టే, పాటను కళ అని శ్రమను మరుగుపరుస్తున్నారు. రాతపూర్వక ఒప్పందం, గొంతును యంత్రానికివ్వడానికి విడిగా అనుమతి, వాడినప్పుడల్లా వాటా - వీటిని కార్మిక హక్కులుగా మనమే అడగాలి.