తర్వాత ఏ నాణెం?

పిల్లలూ! మీలో చాలామంది దగ్గర పాత జామెట్రీ పెట్టెలోనో, పౌడరు డబ్బాలోనో ఓ పది పదిహేను నాణేలు ఉంటాయని నాకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లుగా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల బడుల్లో సైన్సు పాఠాలు చెబుతున్నాను. తరగతికి ఒకరిద్దరైనా నాణేల పిచ్చివాళ్లు తగులుతూనే ఉన్నారు. హోంవర్కు పుస్తకం ఇంట్లో మరిచిపోయి వస్తారు గాని, నాణేల డబ్బా మాత్రం మరిచిపోరు! దుబాయిలో పనిచేసే నాన్న తెచ్చిన దిర్హం, అమెరికాలో చదువుకునే అన్న ఇచ్చిన క్వార్టరు, ఎవరో యాత్రకు పోయి తెచ్చిన నేపాలు రూపాయి, నాయనమ్మ సందుగలో దొరికిన ఉస్మానియా సిక్కా, ఒక చిల్లు కాణీ. ఇంచుమించు అందరి డబ్బాల్లోనూ ఇవే. మూత తీసి చూపించి అందరూ అడిగే ప్రశ్న కూడా ఒక్కటే: "సార్, దీని తర్వాత ఏ నాణెం సంపాదించాలె?"

"ఇంకా లేని దేశానిది సంపాదించు" అని మా సాంఘికశాస్త్రం సారు వెంటనే జవాబిస్తారు. దేశం పేరు, రాజధాని, అక్కడి లిపి తెలుస్తాయి కదా అని ఆయన వాదన. ఆయన మాట తీసివేయదగ్గది కాదు గాని, నాకు మాత్రం నచ్చలేదు. దేశాల లెక్క మొదలుపెడితే అది పరుగుపందెం అయిపోతుంది. నీ దగ్గర ఎన్ని, నా దగ్గర ఎన్ని అనే పోటీయే తప్ప, డబ్బాలో ఉన్న నాణేన్ని మళ్లీ తీసి చూసేవాడుండడు. పైగా యూరపులో ఇరవైకి పైగా దేశాలు ఒకే యూరోను వాడుతున్నాయి. వాటికోసం ఇరవై నాణేలు పోగుచేస్తే వెనుక బొమ్మ మారుతుంది, లోహం మాత్రం అదే.

నా అభిప్రాయం ఇది. ఇప్పటికే మీ దగ్గరున్న నాణేలు చెప్పలేని సంగతి ఏ నాణెం చెబుతుందో దాన్నే ఎన్నుకోవాలి. అందుకు మొదట మీ దగ్గరున్న నాణేలు ఏం చెబుతున్నాయో తెలియాలి కదా! ఒక అయస్కాంతం, ఒక స్కేలు, బంగారం కొట్లో ఉండే లాంటి చిన్న తూకం యంత్రం - ఇవి చాలు. తూకం యంత్రం మీ బడిలో లేకపోతే కంసాలిని అడగండి. పిల్లలు అడిగితే కాదనడు.

ముందుగా అయస్కాంతం. ఇప్పటి రూపాయి దానికి అంటుకుంటుంది. అది ఉక్కు నాణెం. 1975 నుంచి 1991 దాకా వచ్చిన రూపాయి మీ ఇంట్లో ఉంటే పెట్టి చూడండి, అంటుకోదు. అది నాలుగింట మూడు వంతులు రాగి, ఒక వంతు నికెల్ కలిసిన మిశ్రమ లోహం. ఇక 1950లలో వచ్చిన రూపాయి దొరికితే మీకు పండగే! అందులో ఇనుము రవ్వంత కూడా లేదు, అంతా నికెల్. అయినా టక్కున అంటుకుంటుంది. అయస్కాంతం ఆకర్షించే లోహం ఇనుమొక్కటే కాదని, నికెల్, కోబాల్టు కూడా ఉన్నాయని పాఠంలో చదువుకుంటారు. కాని నికెల్ ముక్కను చేత్తో పట్టుకుని చూసినవారు మీలో ఎందరున్నారు? మరి పాతిక వంతు నికెల్ ఉన్న రూపాయి ఎందుకు అంటుకోలేదు? రాగి పరమాణువులు మధ్యలో చేరి నికెల్ పరమాణువుల పొత్తును చెడగొడతాయి గనుక. లోహాలు కలిసినప్పుడు వాటి గుణాలు పాలు, నీళ్లలా సగం సగం కలవవు. కొత్త గుణాలు పుడతాయి. ఈ సంగతి మూడు రూపాయి బిళ్లలతో తేలిపోయింది చూశారా!

అన్న తెచ్చిన క్వార్టరును నిలబెట్టి అంచు చూడండి. తెల్లటి రెండు పొరల మధ్య గోధుమరంగు గీత కనిపిస్తుంది. లోపల రాగి, పైన రాగి-నికెల్ మిశ్రమం. 1965కు ముందు అదే క్వార్టరులో నూటికి 90 వంతులు వెండి ఉండేది. నేపాలు రూపాయి మీద 2060 అని ఉంటే కంగారు పడకండి. అది విక్రమ సంవత్సరం. 57 తీసివేస్తే మన లెక్కకు వస్తుంది.

ఇప్పుడు తర్వాతి నాణెం మాటకు వద్దాం. నా దృష్టిలో మంచి అభ్యర్థి జపాను 1 యెన్. చూడటానికి ఏమంత బాగుండదు. అల్యూమినియం బిళ్ల, మీద ఒక చిన్న మొక్క బొమ్మ. కాని దాని బరువు సరిగ్గా 1 గ్రాము, వ్యాసం సరిగ్గా 2 సెంటీమీటర్లు! 1955 నుంచి అదే కొలత. పది నాణేలుంటే మీకు తూకపురాళ్లు దొరికినట్టే. నీళ్లమీద మెల్లగా పడుకోబెడితే అది తేలుతుంది. అల్యూమినియం నీటికంటే 2.7 రెట్లు సాంద్రమైనది గదా, ఎలా తేలింది? నీటి ఉపరితలం బిగదీసిన పొరలా దాన్ని మోస్తుంది. దీన్నే తలతన్యత అంటారు. పక్కన ఒక్క చుక్క సబ్బు నీరు వేయండి. నాణెం బుడుంగున మునుగుతుంది. యెన్ దొరకలేదంటారా? తాతగారి డబ్బాలో 1965 తర్వాతి అల్యూమినియం పైసా, నలుపలకల బిళ్ల, ఉంటుంది. బరువు ముప్పావు గ్రాము. అది తేలుతుందో లేదో నేను చెప్పను, మీరే చూడండి.

అయినా నా ఓటు యెన్‌కు కాదు. అమెరికా 1 సెంటుకు, అంటే వాళ్లు పెన్నీ అనే దానికి. ఒకటి కాదు, రెండు: 1981 లేక అంతకు ముందుది ఒకటి, 1983 లేక ఆ తర్వాతిది ఒకటి. రెండూ ఒకే సైజు, ఒకే రంగు, రెంటి మీదా లింకన్ బొమ్మే. "ఒకే నాణెం రెండెందుకు సార్?" అంటారు. తూచి చూడండి. పాతది 3.11 గ్రాములు, కొత్తది రెండున్నర. పాతదాన్ని బండమీద వేస్తే ఖంగుమంటుంది, కొత్తది టప్పుమంటుంది. రాగి ధర పెరిగి, నాణెం విలువకంటే అందులోని లోహం విలువ ఎక్కువయ్యే పరిస్థితి వచ్చేసరికి 1982లో లోపలి లోహాన్ని జింకుగా మార్చి, పైన పలుచగా రాగి పూత పూశారు. కొత్త పెన్నీ అంచును రెండుచోట్ల ఆకురాయితో గీకి, సారు పక్కనుండగా, సజల హైడ్రోక్లోరికామ్లంలో వేసి ఒక రోజు ఉంచండి. హైడ్రోజను బుడగలు వస్తూ జింకు అంతా కరిగిపోయి, అట్టు పొరలాంటి రాగి చిప్ప మిగులుతుంది. లోహాల చర్యాశీలత క్రమం ఇంత బాగా చెప్పే పరికరం నా ప్రయోగశాలలో లేదు. ఒక్క హెచ్చరిక: మన నాణేల మీద మాత్రం ఇలాంటి ప్రయోగాలు వద్దు. 2011 నాణేల చట్టం ప్రకారం వాటిని కరిగించడం, పాడుచేయడం నేరం.

ఈ పెన్నీల తయారీ ఖర్చు విలువను మించిపోయి, చెలామణి కోసం ముద్రించడాన్ని 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో ఆపేశారు. అమెరికాలో మీ అన్నో, అక్కో ఉంటే వచ్చేటప్పుడు తెమ్మని ఇప్పుడే చెప్పి ఉంచండి. జత నాణేలు కొనేందుకు వాళ్లకయ్యే ఖర్చు రెండు సెంట్లు.

పెన్నీ దొరకనివారు నిరాశ పడనక్కర్లేదు. మన 5 రూపాయల బిళ్లలోనే జత ఉంది. 1992 నాటి లావుపాటి రాగి-నికెల్ బిళ్ల 9 గ్రాములు. 2007లో వచ్చిన పలుచని ఉక్కు బిళ్ల 6 గ్రాములే. ఒకటి అయస్కాంతానికి అంటదు, ఇంకొకటి అంటుతుంది. లావు బిళ్లలు పది పోగుచేసి కొలజాడీలో నీళ్లు పోసి వేస్తే నీటిమట్టం ఇంచుమించు 10 మిల్లీలీటర్లు పెరుగుతుంది. 90ని దానితో భాగించండి, సాంద్రత వస్తుంది.

ప్రపంచ నాణేలంటే విదేశాలవే అనుకోకండి. పాలమూరు పిల్లలకు ఒక ప్రత్యేక హక్కు ఉంది. గద్వాల, వనపర్తి సంస్థానాలు, నారాయణపేట - ఈ మూడు చోట్లా ఒకప్పుడు నాణేలు ముద్రించారు. వాటిని కొనమని అనను, ఖరీదైనవి. కాని చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం నాణెం ఏదో ఒకటి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉండే ఉంటుంది. భూతద్దం పెట్టి చార్మినార్ నడిమి కమానులోకి చూడండి. ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే అది మీర్ మహబూబ్ అలీఖాన్ నాటిది. మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆయన వల్లనే వచ్చింది. 'ఐన్' అయితే మీర్ ఉస్మాన్ అలీఖాన్ నాటిది. నాణెం మీది సంవత్సరం హిజ్రీ లెక్క. చాంద్రమాన సంవత్సరం గనుక దాదాపు 354 రోజులే. 1330 అని ఉంటే 0.97తో గుణించి 622 కలపండి, 1912 వస్తుంది. ఇంగ్లీషు వాళ్ల రూపాయిని మన పెద్దలు కల్దార్ అనేవారు. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. ఒకే ఊరి సంతలో రెండు రకాల రూపాయలతో బేరమాడిన మన ముత్తాతలకు భిన్నాల లెక్కలు మీకంటే బాగా వచ్చి ఉండాలి!

ఇక తర్వాతి నాణెం ఎక్కడినుంచి రాకూడదో చెబుతాను. ఈ ఒక్క విషయంలో నేను కటువుగానే ఉంటాను. పొలంలో, గుట్టమీద, పాత దిబ్బలో దొరికింది జేబులో వేసుకోకండి.

సూర్యాపేట జిల్లా ఫణిగిరి మన పాత నల్లగొండ జిల్లాలోదే. అక్కడి బౌద్ధక్షేత్రంలో 2024 మార్చిలో వారసత్వ శాఖవారు తవ్వుతుండగా ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు! ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలం నాటివని తేల్చారు. అన్నీ ఒకే రకం. ఒక్కొక్క నాణెం విడిగా చూస్తే నల్లటి సీసపు బిళ్ల, చూడముచ్చటగా కూడా ఉండదు. కాని కుండ, దాని లోతు, దాని చుట్టూ ఉన్న మట్టి, లోపలి నాణేల సంఖ్య - ఇవన్నీ కలిస్తేనే ఆనాడు బౌద్ధ విహారంలో సొమ్ము ఎలా దాచారన్నది ఊహించగలం. అదే కుండ ఊరి పిల్లల చేతికి చిక్కి, తలా పది పంచుకుని ఉంటే? 3,730 బిళ్లలు ఉండేవి, చరిత్ర ఉండేది కాదు. అదే జిల్లాలో అక్కెనపల్లిలో రోము చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల వెండి దినారాలు పదిహేను వందలకు పైగా ఒక్కచోట దొరికాయి. రోము ఎక్కడ, అక్కెనపల్లి ఎక్కడ! ఒక్క నాణెమే అయితే ఏ బాటసారో పారేసుకున్నాడనేవారు. అన్ని దొరికాయి గనుక వర్తకం అంటున్నాం. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలు దాటిన నిధి ఏదైనా కలెక్టరుకు తెలియజేయాలి. మీరైతే బడిలో సారుకు చెప్పండి, దొరికిన చోటు గుర్తుపెట్టుకోండి. మిగతాది ఆయన చూసుకుంటారు.

డబ్బు పెట్టి కొనవచ్చా అని కూడా అడుగుతారు. ఒక నోటు పుస్తకం ధర దాటితే వద్దంటాను. రాముడి పట్టాభిషేకం బొమ్మతో 1818 నాటి ఈస్టిండియా కంపెనీ అణా అంటూ జాతరల్లో అమ్ముతారు. కంపెనీ అలాంటి నాణెం వేయనే లేదు. అది పూజగదిలో పెట్టుకునే బిళ్ల. పాత నాణేనికి లక్షలిస్తామని ఫోనులో ప్రకటనలు వస్తాయి. ముందు రుసుము కట్టమంటారు. తమ పేరు వాడుకుని జరుగుతున్న ఇలాంటి మోసాలను నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. అన్నిటికంటే ఘోరమైనది 'రైస్ పుల్లింగ్' నాణెం. పిడుగు పడ్డ రాగి బియ్యాన్ని లాగుతుందట, కోట్లు పలుకుతుందట! రాగి ఇనుప రజనునే లాగదు, బియ్యాన్నేం లాగుతుంది? లోపల అయస్కాంతం దాచి, బియ్యానికి ఇనుప పొడి పట్టించి ఆడే ఆట ఇది. దీనికి పొలాలమ్ముకున్న పెద్దలున్నారు. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాట ఎత్తితే, మన ఇంటి బియ్యంతో చేసి చూపించమని అడగండి. అంతటితో వచ్చినవాడు చెప్పులేసుకుంటాడు.

చివరగా, వచ్చిన నాణేన్ని చింతపండుతో తోమకండి. చింతపండులోని టార్టారికామ్లం రాగి మీది ఆక్సైడును కరిగిస్తుంది. నాణెం మెరుస్తుంది, ఏళ్ల తరబడి పట్టిన పొర, దానితో సన్నని గీతలూ పోతాయి. మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లు కూడా మంచివి కావు, పి.వి.సి. నుంచి వెలువడే ఆమ్లం వల్ల రాగి మీద పచ్చటి జిగురు పడుతుంది. నోటు పుస్తకం కాగితంతో చిన్న కవర్లు మడిచి, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క నాణెం వేయండి. కవరు మీద పెన్సిలుతో దేశం, సంవత్సరం, బరువు, అయస్కాంతానికి అంటుకుందో లేదో, మీకు ఎవరిచ్చారో రాయండి.