మూగవోయిన సెట్లు – మన కర్తవ్యము

రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు రానున్న విషయములలో, సంఘమువద్ద నున్న పాత వాకీటాకీ సెట్లను తీసివేసి క్రొత్తవానిని కొనవలెనను తీర్మానమొకటి గలదు. ఆ తీర్మానమును నేను బలపరుపజాలను. సమావేశమున ఒక్కొక్కరికి లభించు ఐదు నిమిషములలో చెప్పుటకు వీలుగాని సంగతులు కొన్ని యుండుటచే, ముందుగా ఈ పత్రికాముఖమున సభ్యులకు మనవి చేసికొనుచున్నాను.

ఈ సెట్లు మనకేల యని ఇతర ప్రాంతముల పాఠకులకు సందేహము కలుగవచ్చును. గోపాల్‌పూరు సముద్రతీరము మా బరంపురమునకు సుమారు 16 కిలోమీటర్ల దూరమున నున్నది. ఆ తీరమున చేపలవేటపై జీవించు కుటుంబములలో అనేకులు తెలుగు మాటలాడువారే. 1999 అక్టోబరు నెలలో 17వ తేదీన గోపాల్‌పూరు వద్ద ఒక తుపాను, 29వ తేదీన పారాదీపు వద్ద మహాతుపాను తీరము దాటినవి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మరల గోపాల్‌పూరు చెంతనే తీరమెక్కినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలోని పలాస సమీపమున తీరము దాటి, గంజాం, గజపతి జిల్లాలను గూడ ముంచినది. గాలి వీచిన రాత్రి కంటె మరునాటి ఉదయమే మనలను ఎక్కువగా బాధించినదని పెద్దలు ఎరుగుదురు. కరెంటు ఉండదు. కరెంటు లేనందున సెల్‌ఫోను టవర్లు మూగబోవును. ఏ కుటుంబము ఏ ఆశ్రయములో నున్నదో, ఏ వీథిలో చెట్టు కూలినదో, ఎవరికి మందులు కావలెనో తెలిసికొనుటకు మనిషి నడచిపోవలసినదే. ఆ బాధను చూచియే మన సంఘము చేతిరేడియోలను కొన్నది. రెండేండ్లకొకసారి జరుగు ఠాకురాణీ యాత్రలో మన వాలంటీర్లకును అవియే ఆధారము.

ఈ సంవత్సరము వర్షకాలమునకు ముందు సెట్లను బీరువాలోనుండి తీసి చూచితిమి. పండ్రెండింటిలో ఏడు పలుకలేదు. వానిని పట్టణములోని ఒక దుకాణమునకు పంపగా, మరమ్మతు ఖర్చుతో క్రొత్తవే వచ్చుననియు, వీనిని పారవేయవలసినదనియు కబురు వచ్చినది. ఆ దుకాణమువారు మోసపుమాట చెప్పిరని నేననను. విప్పి చూడకుండ చెప్పిరి, అంతియే. నేనును వర్తకుడనే. సరకు అమ్ముటలో ఉన్న లాభము మరమ్మతులో రాదని నాకును తెలియును.

అప్పుడు మా వీథిలో ఐ.టి.ఐ. చదువుచున్న పిల్లవాడొకడు నా యొద్దకు వచ్చి, "మామయ్యగారూ, పారవేయుటకేమి, ఎప్పుడైనను పారవేయవచ్చును. ఒక్క ఆదివారము ఆ సెట్లను నాకు ఇప్పించండి" అని యడిగెను. ఇచ్చితిని. అతడు మా దుకాణపు అరుగుమీద చాప పరచుకొని, ఒక మల్టీమీటరు, ఒక చిన్న స్క్రూడ్రైవరు, పెన్సిలు చెరుపు రబ్బరు, గుడ్డపీలికలు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా పెట్టుకొని కూర్చుండెను. సాయంత్రమునకు తేలిన లెక్క ఇది. మూడు సెట్లలో బ్యాటరీ తగులు రేకులకు పచ్చని చిలుము పట్టియున్నది. ఒకదానిలో ఇయర్‌ఫోను గుచ్చు రంధ్రమున ఇసుక చేరినది. ఒకదానిలో ఎవరో బొత్తాములు నొక్కి టోను మార్చివేసిరి. ఒకదాని బ్యాటరీ నిజముగా ముసలిదైనది. ఏడవదానిలోనికి సముద్రపు నీరు పోయి లోపలి పలక తినివేయబడినది. అనగా ఏడింటిలో నిజముగా చచ్చినది ఒక్కటి. ఒకదానికి బ్యాటరీ కొనవలెను. తక్కిన ఐదును ఆ సాయంత్రమే పలికినవి. గోటితో పోవుదానికి గొడ్డలి ఎత్తబోయితిమని నాకు సిగ్గు వేసినది.

ఆ పిల్లవాని వద్ద నేను నేర్చుకొన్నది అతని చేతి నేర్పు కాదు, అతడు చూచిన వరుస. వెలుపలినుండి లోపలికి, సులభమైనదానినుండి కష్టమైనదానికి, ఒక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయుచు పోవలెను. ప్రక్కన బాగుగా పనిచేయు సెట్టు ఒకటి ఉండవలెను. ఆ వరుసను సభ్యులందరును తెలిసికొనదగును గనుక ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదట బ్యాటరీ. మంచి సెట్టులోని బ్యాటరీని చెడ్డదానిలో పెట్టి చూడవలెను. పలికినచో దోషము బ్యాటరీదియో, దాని రేకులదియో అగును. పలుకనిచో దోషము సెట్టులో నున్నది. ఈ ఒక్క పరీక్షకు మీటరు గూడ అక్కరలేదు. మీటరు ఉన్నచో, రెండు లిథియం కణములు గల మన బ్యాటరీ నిండుగా ఛార్జి అయినప్పుడు 8.4 వోల్టులు చూపవలెను. అయితే ఊరకనే కొలిచిన కొలతను నమ్మరాదు. వినునప్పటికంటె మాటలాడునప్పుడు సెట్టు అనేక రెట్లు విద్యుత్తును లాగును. ముసలి బ్యాటరీ ఊరకున్నప్పుడు నిండుగానే కనబడి, మాటలాడు బొత్తాము నొక్కగానే కూలిపోవును. ఎఱ్ఱదీపము వెలిగి వెంటనే సెట్టు ఆరిపోయినచో ఇదియే కారణమని, లేదా రేకులకు చిలుము పట్టినదని గ్రహింపవలెను. చిలుమును చెరుపు రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడువవలెను. ఉప్పుకాగితము వాడరాదు. అది రేకుపైనున్న పూతను గూడ గీకివేయును, ఆపైన చిలుము మరింత త్వరగా పట్టును.

రెండవది చెవికి వినబడుట. సెట్టు వెలుగుచున్నది గాని మాట వినబడుట లేదు. అప్పుడు మానిటరు బొత్తామును నొక్కవలెను. 'హుస్'మను చప్పుడు వినవచ్చినచో స్పీకరు బ్రతికియే యున్నది. దోషము ఛానెలు తేడాలోనో, టోను తేడాలోనో ఉండును. టోను అనగా, మన మాటతోపాటు సెట్టు పంపు చెవికి వినరాని సన్నని గురుతు. ఆ గురుతు కలియనిచో ఎదుటి సెట్టు మన మాటను అందుకొనియు తలుపు తెరువదు. మానిటరు నొక్కినను చప్పుడు లేనిచో ఇయర్‌ఫోను రంధ్రమును చూడవలెను. అక్కడ ఇసుకయో తుప్పో అడ్డుపడినప్పుడు, ఇయర్‌ఫోను గుచ్చియున్నదని సెట్టు భ్రమపడి స్పీకరును ఆపివేయును.

మూడవది మన మాట ఎదుటివారికి చేరుట. మైకు రంధ్రము ఆవగింజంత యుండును, మట్టితో మూసికొనిపోవుట సాధారణము. ఏంటెన్నా విప్పుటకు వీలున్న సెట్లలో దాని మర వదులైనదేమో చూడవలెను. ఏంటెన్నా లేకుండ మాటలాడు బొత్తామును ఎన్నడును నొక్కరాదు. వెలుపలికి పోవలసిన శక్తి వెనుకకు తిరిగి లోపలి ట్రాన్సిస్టరును కాల్చివేయవచ్చును. రెండు సెట్లను మొగమునకు మొగము పెట్టి పరీక్షించుటయు తప్పే. రెండును కూతపెట్టును, మంచిది గూడ చెడ్డదానివలె తోచును. ఒకరు వీథి చివరకు పోయి మాటలాడవలెను.

ఇక అన్నిటికంటె ప్రమాదకరమైన దోషము పలుకని సెట్టుది కాదు, ఎడతెగక పలుకు సెట్టుది. ఉప్పుగాలికి, తడికి మాటలాడు బొత్తాము రబ్బరు బిగిసి నొక్కినట్లే ఉండిపోవును. ఎఱ్ఱదీపము ఆరదు. ఈ సెట్లలో ఒక ఛానెలుపై ఒక్కసారి ఒక్కరే మాటలాడవలెను గనుక, ఆ ఒక్క సెట్టు దగ్గరనున్న వారందరి నోళ్లను కట్టివేయును. కడమవారు తమ సెట్లే చెడినవని యెంచి విసిగిపోదురు. తుపాను రాత్రి ఇట్లు జరిగినచో సెట్లుండియు లేనట్లే. ఎవరి ఎఱ్ఱదీపము వెలుగుచున్నదో వారే సెట్టు ఆర్పవలెనని, ఛానెలు మూసికొనిపోయినచో అందరును ముందుగా నిర్ణయించుకొన్న రెండవ ఛానెలునకు మారవలెనని వాలంటీరులకు నేర్పియుండవలెను. క్రొత్తసెట్లు కొన్నంత మాత్రమున ఈ జ్ఞానము వానితో రాదు.

మరమ్మతునకు హద్దులు లేవని నేననుట లేదు. ఉబ్బిన బ్యాటరీని పొడువరాదు, నొక్కరాదు, ఛార్జి చేయరాదు. అది మంటలు లేవదీయును. సముద్రపు నీట పడిన సెట్టును "పలుకునేమో" అని వెంటనే వెలిగించి చూడరాదు. బ్యాటరీ ఊడదీసి, మంచినీటితో కడిగి, నీడలో ఒకటి రెండు దినములు బాగుగా ఆరబెట్టవలెను. బియ్యములో పాతిపెట్టినంత మాత్రమున ఉప్పు పోదు. తడిసిన ఆ బ్యాటరీని మరల వాడకుండుటే మేలు. అన్నిటికంటె ముఖ్యము, దూరము పెంచెదమని సెట్టు లోపల శక్తిని గాని తరంగములను గాని మార్చరాదు. 2018 నాటి నిబంధనల ప్రకారము 446.0 మొదలు 446.2 మెగాహెర్ట్జుల వరకు గల పట్టీలో, అనుమతింపబడిన స్వల్పశక్తితో పనిచేయు సెట్లకే లైసెన్సు అక్కరలేదు. ఆ గీటు దాటుట నేరము. మనవంటి అల్పసంఖ్యాక సంఘము ఇట్టివానిలో మరింత జాగరూకతతో మెలగవలెను.

క్రొత్త సెట్లు చౌకగా దొరకుచుండగా ఈ శ్రమయంతయు ఎందుకని కొందరు అడుగుచున్నారు. "వర్తకుని బుద్ధి పోనిచ్చుకొన్నాడు కాడు" అని నన్ను పరిహసించినవారును కలరు. పరిహాసమును స్వీకరించుచున్నాను. చందా సొమ్ము ఇచ్చినవారిలో నేతపనివారు, పడవపనివారు, విధవలు ఉన్నారని నేను మరువజాలను. కాని నా వాదము సొమ్మును గురించినది మాత్రమే కాదు. మన సెట్లు ఎందువలన చెడినవి? ఏడాదిపొడుగున ఎవరును తెరచి చూడనందున చెడినవి. అదే బీరువాలో, అదే ఉప్పుగాలిలో క్రొత్తవి పెట్టినచో మరి రెండేండ్లకు వానికిని చిలుము పట్టును. అప్పుడు మరల తీర్మానము, మరల చందా. తుపాను మధ్య ఏ దుకాణమును తెరచియుండదు. ఆ రాత్రి మన చేతిలో నున్న సెట్టును మన చేతులే బాగుచేసికొనవలెను. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట మనకు తగదు.

ఇంకొక సంగతి. సెట్టుతో వచ్చిన పుస్తకము ఆంగ్లమున నున్నది. బడిలో ఒడియా చదివి, ఇంట తెలుగు మాటలాడు మన యువకులకు అది సగము అర్థమగును. తీరమునందలి పెద్దలకు అదియు లేదు. తెలియనందుననే బొత్తాములు తప్పుగా నొక్కబడినవి. భాషాసంఘమని పేరు పెట్టుకొన్న మనము పండుగలకు పద్యములు చదివించుటతో మన పని తీరినదనుకొనరాదు. ప్రాణావసరమైన పరికరమును గురించి నాలుగు మాటలు మన భాషలో వ్రాసి చేతికిచ్చుట గూడ భాషాసేవయే.

కావున తీర్మానమునకు బదులుగా నేను ప్రతిపాదించునవి ఇవి. క్రొత్త సెట్లకై ఉద్దేశింపబడిన సొమ్ములో కొంత భాగముతో రెండు మల్టీమీటరులు, ఒక టంకపు పెట్టె, ఆరు బ్యాటరీలు, పాడైన ఒక్క సెట్టుకు బదులు ఒక్క సెట్టు కొనవలెను. మిగిలినది నిధిలోనే యుండవలెను. ప్రతినెల మొదటి ఆదివారమున సంఘ భవనములో మరమ్మతు బల్ల వేయవలెను. పదిమంది బాలబాలికలు ఆ ఐ.టి.ఐ. పిల్లవాని వద్ద పని నేర్చుకొనవలెను. ప్రతి సెట్టుకును అంకె వేసి, పరీక్షించిన తేదీని ఒక పుస్తకములో వ్రాయవలెను. ఏప్రిలు మొదలు జూను వరకు, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల తుపాను మాసములలో బ్యాటరీలను నిండుగాను, మిగిలిన కాలమున సగము ఛార్జితోను ఉంచవలెను. పైన చెప్పిన వరుసను తెలుగునను ఒడియాలోను ఒక్క పుటలో అచ్చువేసి ప్రతి సెట్టు సంచిలోను పెట్టవలెను. ఒడియాలో ఎందుకనగా, తుపాను వచ్చినప్పుడు మన ప్రక్కయింటివారిని భాష అడిగి రక్షింపము.

ఈ పనిలో అభిరుచి కలిగిన పిల్లలు అంతటితో ఆగనక్కరలేదు. పండ్రెండేండ్లు నిండినవారు కేంద్ర ప్రభుత్వపు అమెచ్యూరు రేడియో పరీక్షకు కూర్చుండవచ్చును. ఈ విద్యను ప్రోత్సహించుటకై హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ సంస్థయు కలదు. మన సంఘమునుండి ఒక్క బాలిక ఆ లైసెన్సు పొందినను, అది పండ్రెండు క్రొత్త సెట్లకంటె విలువైనదని నా నమ్మకము.

సభ్యులందరును సమావేశమునకు దయచేసి, ఓటు వేయుటకు ముందు, అచ్చట బల్లపై పెట్టబడు ఆ ఐదు సెట్లను చేతికి తీసికొని ఒక్కమాట మాటలాడి చూడవలసినదిగా ప్రార్థించుచున్నాను. అవి పలుకుచుండగా వానిని చచ్చినవని తీర్మానింపజాలరని నాకు తెలియును.