చద్దివేళ

గడియారాలు లేని కాలంలో తెలుగు పల్లెలు పొద్దును పనితోనూ తిండితోనూ కొలిచేవి. సూర్యుడు బారెడు పైకి ఎక్కిన వేళకు "చద్దివేళ" అని పేరు. ముందురోజు రాత్రి వండిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి ఉంచి, తెల్లవారిన తరువాత తినే ఆహారం చలిది. ఆ మాటే చల్ది అయింది, చద్ది అయింది, తెలంగాణలో సద్ది అయింది. ఒక వంటకం పేరు కాలానికే పేరు కావడం సామాన్యమైన విషయం కాదు. పొలానికో దూరప్రయాణానికో బయలుదేరిన మనిషికి భుజాన వేలాడే చద్దిమూటే ధైర్యం. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చిన సామెత ఆ అనుభవం నుండి పుట్టినదే.

ప్రాచీన సాహిత్యంలో ఈ ఆహారానికి చిన్నచూపు కనిపించదు. పోతన భాగవతం దశమస్కంధంలో బాలకృష్ణుడు గోపబాలురతో కలిసి అడవిలో చల్దులు ఆరగించే ఘట్టం తెలుగువారికి మిక్కిలి ప్రియమైనది. యజ్ఞాలలో హవిస్సు అందుకునే దేవుడు పశులకాపరుల నడుమ కూర్చుని చద్ది తింటాడు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి భోజనం పెడతాడు. ఆయన వేసవి విందులో పలుచని అంబలి, నీరుమజ్జిగ, ఊరగాయ ఉన్నాయి. చక్రవర్తి రాసిన ప్రబంధంలో అంబలికి దొరికిన చోటు నేటి పెళ్లి భోజనంలో దొరకదు.

ఇరవయ్యవ శతాబ్దంలో కాఫీ హోటళ్లు పెరిగి, "టిఫిన్" అనే మాట ఇంటింటా స్థిరపడిన కొద్దీ చద్దికుండ వంటింటి మూలకు జరిగింది. ఉదయం ఏమి తిన్నావని అడిగితే చద్దన్నం అని చెప్పడానికి పిల్లలు వెనుకాడసాగారు. పల్లె నుండి పట్టణపు కళాశాలకు వచ్చిన విద్యార్థులలో ఈ వెనుకాటు మరీ ఎక్కువ.

ఈ సిగ్గుకు కారణం లేకపోలేదు. చద్దన్నం అన్ని వర్గాలవారూ తిన్నమాట నిజమే కాని, అందరూ ఒకే విధంగా తినలేదు. భూస్వామి ఇంట చద్దిలోకి గడ్డపెరుగు, వెన్న, మాగాయ ఉండేవి. పాలేరు చద్దిలోకి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉప్పుకల్లు ఉంటే ఉన్నట్లు. చాలాచోట్ల యజమాని ఇంట్లో మిగిలిన అన్నమే పాలేరుకు కూలిలో భాగంగా చెల్లేది. ఆ కూటితో బతికిన కుటుంబాలలో మొదటిసారి చదువుకున్నవారు దానిని మళ్లీ కంటితో చూడదలచుకోకపోతే, వారిని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు. చద్దన్నం మహిమను కీర్తించే రచనలలో ఈ సంగతి సాధారణంగా కనిపించదు. ఆకలిని ఆచారంగా చూపి పొగడడం న్యాయం కాదు.

ఇటీవల గాలి మళ్లింది. 2013లో దక్షిణ కొరియా ప్రజలు కిమ్చీని సామూహికంగా తయారుచేసి పంచుకునే ఆచారాన్ని యునెస్కో అభౌతిక సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2021లో మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా వంటల పోటీ తుది దశలో, బంగ్లాదేశ్ మూలాలు గల కిశ్వర్ చౌధురి పాంతా భాత్ వడ్డించి మూడవ స్థానం పొందారు. పాంతా భాత్ అంటే చద్దన్నమే. ఒడిశాలో పఖాళ, తమిళనాట పళయ సాదం, కేరళలో పళంకంజి దీని తోబుట్టువులు. ఇప్పుడు నగరాలలోని కొన్ని హోటళ్లు మట్టిమూకుళ్లలో చద్దన్నం అమ్ముతున్నాయి. పోయిన గౌరవం తిరిగి రావడం మంచిదే. పరదేశంలో మెప్పు పొందిన తరువాతగాని ఇంటి వంట కంటికి ఆనకపోవడం మాత్రం విచారకరం. అంతకంటే విచారకరమైన విషయం, గౌరవం వెంట అతిశయోక్తి కూడా రావడం. పొగడ్తలో ఎంత నిజముందో తెలియాలంటే, కుండలో రాత్రివేళ ఏమి జరుగుతుందో తెలుసుకోవాలి.

ఈ విషయంలో తెలుగు భాష చాలా నిక్కచ్చిగా ఉంటుంది. ఊరడం, పులియడం, పాచిపోవడం, కుళ్లడం అనే మాటలు నాలుగు వేర్వేరు స్థితులను తెలుపుతాయి. ఆవకాయ ఊరుతుంది. ఇడ్లీపిండి పులుస్తుంది. మూతపెట్టి మరచిపోయిన కూర పాచిపోతుంది. మామిడిపండు కుళ్లుతుంది. ఒకదాని బదులు మరొక మాట వాడితే ఏ ఇల్లాలైనా నవ్వుతుంది. ఆవకాయలోని ఉప్పు, నూనె, ఆవపిండి, మామిడి పులుపు కలిసి సూక్ష్మజీవులను చాలావరకు పెరగనివ్వవు. ఏడాది పొడవునా నిలవ ఉండడానికి కారణం అదే. దానిని పులిసిన ఆహారాల పట్టికలో చేర్చి ఆరోగ్యప్రదాయినిగా వర్ణించడం అటు భాషకూ ఇటు శాస్త్రానికీ పొసగదు. రక్తపోటు ఉన్నవారు ఆ వర్ణనను నమ్మితే ఉప్పే ఎక్కువవుతుంది.

పులియడం సజీవక్రియ. లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియా ఆహారంలోని చక్కెరలను తిని పులుపుగా మారుస్తుంది. ఆ పులుపులో హానికరమైన అనేక క్రిములు పెరగలేవు. పాలు పులియడానికి సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ 1857లో వెల్లడించాడు. తెలుగు గృహిణి ఆ జీవిని చూడకపోయినా దానితో ఆమెకు చిరపరిచయం. గోరువెచ్చని పాలలో వేసే చెంచాడు పెరుగుకు "తోడు" అని పేరు. ఇంట్లో తోడు లేనినాడు పొరుగింటికి చిన్నగిన్నె వెళ్లేది. ఊరిలోని పెరుగులన్నీ ఆ విధంగా ఒకదానికొకటి చుట్టాలు. చలికాలంలో తోడు కాస్త ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ వేయాలన్న ఎరుక, వేడిని బట్టి బాక్టీరియా పెరుగుదల మారుతుందన్న సూత్రానికి వంటింటి రూపం.

ప్రోబయోటిక్ అనే మాటకు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో నిర్వచనం ఇచ్చారు. తగినంత పరిమాణంలో తీసుకున్నప్పుడు తీసుకున్నవారి ఆరోగ్యానికి మేలుచేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లు. ఇందులో "సజీవ" అన్న మాటను గమనించాలి. ఇడ్లీపిండి పులిసేటప్పుడు మినుములలోనూ బియ్యంలోనూ ఉండే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది, జీర్ణం సులభమవుతుంది. ఆ మేలు ఇడ్లీలో నిలుస్తుంది. ఆవిరిలో ఉడికిన తరువాత బాక్టీరియా బతకదు. కాబట్టి ఇడ్లీ పులిసిన ఆహారమే కాని ప్రోబయోటిక్ కాదు. వేడిచేయకుండా తినే పెరుగు, మజ్జిగ, చద్దన్నాలలో జీవులు బతికే ఉంటాయి. అయితే ఏ కుండలో ఏ జాతి ఎంత ఉందో చెప్పలేం కనుక, శాస్త్రజ్ఞులు వాటిని సజీవ ఆహారాలు అంటారే తప్ప ప్రోబయోటిక్ బిరుదు వెంటనే ఇవ్వరు.

ఈ రంగంలో తొలి అతిశయోక్తి చేసినవాడు మహామేధావి. రోగనిరోధక శక్తిపై పరిశోధనకు 1908లో నోబెల్ బహుమతి పంచుకున్న ఇల్యా మెచ్నికోవ్, పుల్లని పెరుగు తినడం వల్లనే బల్గేరియా రైతులు దీర్ఘాయువు పొందుతున్నారని భావించాడు. వార్ధక్యానికి మూలం పేగులలో కుళ్లు అనీ, పెరుగులోని జీవులు దానిని అరికడతాయనీ ఆయన సిద్ధాంతం. తానూ నియమంగా పులిసిన పాలు తాగి, 1916లో 71వ ఏట మరణించాడు. పెరుగుతో ముసలితనం ఆగుతుందని తరువాత ఎవరూ నిరూపించలేదు. పేగులలోని సూక్ష్మజీవులకూ ఆరోగ్యానికీ సంబంధం ఉందన్న ఆయన మూలభావన మాత్రం నేటికీ నిలిచింది. పాలు పడనివారికి పెరుగు సులభంగా జీర్ణమవుతుందన్నది ఈనాడు స్థిరపడిన సత్యం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ప్రకటించిన అధ్యయనంలో, పది వారాలు పులిసిన ఆహారాలు ఎక్కువగా తిన్నవారి పేగులలో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, శరీరంలో వాపును సూచించే కొన్ని ప్రోటీన్లు తగ్గాయి. అందులో పాల్గొన్నవారు 36 మందే. వారు తిన్నవాటిలో పెరుగు, కిమ్చీ వంటివి ఉన్నాయి, చద్దన్నం లేదు. ఆశ కలిగించే ఫలితమే, కాని సర్వరోగనివారిణి దొరికిందని చాటడానికి అది చాలదు.

ఇక చద్దన్నం గురించి నేడు అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఇనుముకు సంబంధించినది. రాత్రి నానబెట్టిన అన్నంలో ఇనుము తెల్లవారేసరికి ఇరవై రెట్లకు పైగా పెరుగుతుందని చేతిఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి. ఇనుము మూలకం. బాక్టీరియా దానిని సృష్టించలేదు. కుండలోకి బయటి నుండి రాని ఇనుము కుండలో పుట్టదు. పులిసినప్పుడు ఫైటిక్ ఆమ్లం తగ్గి, ఉన్న కొద్దిపాటి ఇనుమును శరీరం మరికాస్త బాగా గ్రహించవచ్చు. తెల్లబియ్యంలో అసలే ఇనుము తక్కువ కాబట్టి ఆ లాభమూ స్వల్పమే. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదివిన విద్యార్థికి ఈ తర్కం కష్టం కాదు. అయినా ఆ సందేశాన్ని చదువుకున్నవారే ఎక్కువగా పంపుతున్నారు.

ఇది నవ్వి వదిలేయవలసిన పొరపాటు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాలలోనూ 15 నుండి 49 ఏళ్ల వయసు స్త్రీలలో సగానికి మించినవారికి రక్తహీనత ఉంది. జూనియర్ కళాశాల తరగతిలో కూర్చున్న అమ్మాయిలు ఆ లెక్కలో భాగం. మెట్లెక్కితే ఆయాసం, చదువుతుంటే కళ్లు తిరగడం వారిలో చాలామందికి అలవాటైన బాధలు. ఇనుము మాత్ర వేసుకుంటే వికారంగా ఉందని దానిని కిటికీలోంచి పారేసే అమ్మాయికి, చద్దన్నం తింటే చాలునన్న మాట ఎంతో ఇంపుగా వినిపిస్తుంది. ఆమె రక్తహీనతకు కావలసింది వైద్యుడు చెప్పిన మాత్ర, ఆకుకూర, పప్పు, గుడ్డు, తినేవారైతే మాంసం. చద్దన్నం వీటి పక్కన ఉండవలసినది. వీటి స్థానంలో దానిని కూర్చోబెట్టేవారు పాలేరుకు ఉప్పుకల్లుతో సరిపెట్టిన యజమాని పనినే మర్యాదైన మాటలతో మళ్లీ చేస్తున్నారు.

జాగ్రత్త విషయంలోనూ పాత అలవాటు తెలివైనదే. వండిన అన్నాన్ని గది వేడిలో గంటల తరబడి పొడిగా వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరిగి విషం చేరవచ్చు. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అన్నం చల్లారగానే నీరు పోయడం, గరిటెడు మజ్జిగ కలిపి పులుపు త్వరగా పుట్టించడం ఈ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. అన్నం తీగసాగినా, పులుపు కాని వేరే వాసన వచ్చినా పారబోయాలి. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు వైద్యుణ్ణి అడిగిగాని సజీవ ఆహారాల జోలికి పోరాదు.

కళాశాలల వసతిగృహాలు ఈ విషయంలో చొరవ చూపవచ్చు. వేసవిలో వారానికి రెండు ఉదయాలు, నూనె ఓడే పూరీలకు బదులుగా చద్దన్నం, పక్కన ఉల్లిపాయ, ఉడికించిన గుడ్డు లేక గట్టిపప్పు పెట్టవచ్చు. గుడ్డు తీసివేసి చద్దన్నం పెట్టడం మాత్రం ఒప్పుకోదగినది కాదు. దీనికి అదనంగా పొయ్యి అక్కరలేదు. రాత్రి భోజనాలు ముగిశాక వంటమనిషి గిన్నెను శుభ్రంగా కడిగి, చల్లారిన అన్నంలో కాచి చల్లార్చిన నీళ్లు, కాస్త మజ్జిగ పోసి మూతపెడితే చాలు.