వైజాగ్‌ని సముద్రం కట్టలేదు

వైజాగ్ అంటే ఎందుకంత మోజని ఎవర్ని అడిగినా ఒకటే జవాబు: కొండా సముద్రం పక్కపక్కనే ఉంటాయి కదండీ, అందుకని. మరి బందరు ఎందుకు వెనకబడిందంటే దానికీ జవాబు నోట్లోనే ఉంటుంది: అక్కడేముందండీ, బురద తప్ప. ప్లాట్లు అమ్ముకునే ఏజెంటు దగ్గర్నుంచి మైకు ముందు నిలబడ్డ మంత్రిగారి దాకా ఇదే పాట. ఈ పాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఇందులో చేసినవాడూ కనపడడు, చెయ్యనివాడూ కనపడడు. అంతా దేవుడి మీదికి నెట్టేస్తే ఇక ఎవడూ ఎవడికీ లెక్క చెప్పక్కర్లేదు.

లెక్క నేను అడుగుతాను. 1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నం జనం సుమారు 41 వేలు. బందరు జనం 39 వేల పైచిలుకు. సరిజోడు. డాల్ఫిన్స్ నోస్ కొండ అప్పుడూ అక్కడే ఉంది, సముద్రమూ అంతే నీలంగా ఉంది. 2011కి వచ్చేసరికి విశాఖ 17 లక్షలు దాటింది. బందరు లక్షా డెబ్బై వేల దగ్గర కూలబడింది. ఈ నూట పదేళ్లలో కొండ ఒక్క అడుగు పెరగలేదు. మరి పెరిగిందేమిటి, పెంచిందెవరు?

ముందు ఆ బురద సంగతి తేల్చుకుందాం. బందరు తీరం లోతు తక్కువ. కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగా లంగరు వేసుకునేవి, సరుకు చిన్న పడవల మీద అటూ ఇటూ తిరిగేది. అంతా నిజమే. ఆ బురదలోనే కుతుబ్ షాహీలు గోల్కొండ రాజ్యానికి పెద్దరేవు పెట్టుకున్నారు. 1605లో డచ్చివాళ్లు దిగారు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు. సగం ప్రపంచం చుట్టి వచ్చిన నావికులకి లోతు కొలవడం రాదనుకోవాలా? ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే 1652లో ఇక్కడ దిగాడు. బంగాళాఖాతంలో లంగరు వెయ్యడానికి దీన్ని మించిన చోటు లేదన్నట్టు రాసుకున్నాడు. పెగూకి, అరకానుకి, సియాంకి, హోర్ముజ్‌కి, మక్కాకి ఇక్కణ్నుంచే ఓడలు. అదే తీరం, అదే ఒండ్రు.

తేడా అంతా ఒడ్డుకి ఇవతల ఉంది. బందరు వెనకాల గోల్కొండ దాకా బండ్లబాట ఉండేది. ఆ చుట్టుపక్కల ఊళ్ల నిండా సాలెవాళ్లు, అద్దకంవాళ్లు. యూరపు దొరసానులు ఎగబడి కొన్న పూలబట్ట ఈ చేతుల్లోంచి వెళ్లిందే. పెడనలో ఆ కలంకారీ ఇప్పటికీ బతికుంది. కొల్లూరు గనుల్లో వజ్రాలు. అన్నిటికీ మించి, వాటిని కొనగల, పన్ను వెయ్యగల, కాపలా పెట్టగల ఒక రాజధాని. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాక ఆ బాట అవతలి కొసన ఆ రాజధానే లేకుండా పోయింది.

అప్పటికే ఇంకో దెబ్బ పడి ఉంది, బురదవాదులకి అసలు మింగుడుపడనిది. మద్రాసు. బందరులో సుల్తాను అధికారుల పెత్తనం, సుంకాల తగువులు పడలేక ఇంగ్లీషు కంపెనీ తన కోట, తన చట్టం చెల్లే జాగా వెతుక్కుంది. 1639లో దొరికిన ఆ జాగాకి రేవు లేదు. కొండ లేదు, అఖాతం లేదు, ఓడ దాక్కోవడానికి మూల లేదు. అలలు విరుచుకుపడే వట్టి ఇసుక. మనుషులూ సరుకూ ఒడ్డుకి చేరాలంటే తాళ్లతో కుట్టిన మసూలా పడవలే గతి. అయినా 1641 కల్లా కోరమాండల్ తీరపు పెద్ద ఆఫీసు అక్కడికి వెళ్లిపోయింది. అలలకి అడ్డంగా గోడ కట్టి రేవు అనిపించుకునే పని 1876లో గాని మొదలు కాలేదు. రెండు వందల ముప్ఫై ఏళ్లకి పైగా రేవు లేని ఊరు, బందరు లాంటి రేవుపట్నాన్ని మింగి కూర్చుంది. ఇప్పుడు చెప్పండి, ప్రకృతి వరమా?

ఇక విశాఖ. కొండ ఉంది, ఒప్పుకున్నాం. కొండ పక్కన ఏముండేది? ఉప్పుటేరు, చిత్తడినేల. ఈ తూర్పు తీరాన ఇసుక ఒకచోట నిలవదు; అలలతో పాటు ఒడ్డు వెంట నడుస్తూ దొరికిన ఏటి మొగనల్లా పూడ్చేస్తుంది. తవ్వకుండా వదిలేస్తే విశాఖ రేవు కూడా బందరు దారే పట్టేది. తవ్వారు. చిత్తడిని తవ్వి లోతు చేసి ఓడ తిరిగే జాగా చేశారు. ఇసుకని ఆపడానికి జేనస్, వెలెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని తెచ్చి కావాలని ముంచి అడ్డుకట్ట వేశారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ లోపలికొచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనం చేశాడు. తెల్లవాళ్లు ఇంత డబ్బు పోసింది మన సాయంత్రపు షికార్ల కోసమా? మధ్య పరగణాల మాంగనీసు కోసం. అది దిగిరావడానికి 1931కే రాయపూర్ నుంచి విజయనగరానికి తూర్పు కనుమల మీదుగా రైలు దారి వేసి పెట్టుకున్నారు. ముందు దారి, తర్వాత రేవు. రెండూ కట్టింది బెంగాల్ నాగపూర్ రైల్వేనే.

బందరుకీ రైలొచ్చింది. 1908లో, బెజవాడ నుంచి. వచ్చి స్టేషన్లో ఆగింది. ఇప్పటికీ అక్కడే ఆగుతోంది.

ఆ తర్వాత విశాఖలో జరిగిందంతా ఒకటి ఉన్నచోటికే రెండోది, రెండున్నచోటికే మూడోది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఓడల కార్ఖానాకి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన, 1948లో నెహ్రూ చేతుల మీదుగా ‘జలఉష’ నీళ్లలోకి. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ. బైలదిల్లా ఇనప రాయిని జపానుకి పంపడానికి కొత్తవలస–కిరండూల్ లైను. ఇవాళ అరకు అద్దాల పెట్టెలో కూచుని సెల్ఫీలు దిగే సొరంగాలన్నీ ఆ రాయి కోసం తొలిచినవే. 1968లో తూర్పు నౌకాదళం. 1976లో ఔటర్ హార్బర్. బెజవాడలో 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930కే వాల్తేరు చేరిపోయింది. జీతాలొచ్చాయి, జీతాలతో క్వార్టర్లు, క్వార్టర్లతో బడులు, ఆస్పత్రులు, సినిమాహాళ్లు. సాయంత్రం పూట ఒడ్డున తిరగడానికి తీరికా చేతిలో నాలుగు రూపాయలూ ఉన్న జనం తయారయ్యాక ఆ ఇసుకకి బీచ్ అన్న గౌరవం దక్కింది. కెమెరాలు ఆ వెనకాల వచ్చాయి. 1978లో ‘మరో చరిత్ర’ చూసి జనం భీమిలి దారి పట్టారంటే, అక్కడికి దారీ బస్సూ అప్పటికే ఉన్నాయి కాబట్టి. బందరు పక్కన మంగినపూడిలోనూ సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. చూసి మురిసిపోయి రాత్రికి తల దాచుకోవాలంటేనే వెతుక్కోవాలి.

ఉక్కు సంగతి వేరే చెప్పుకోవాలి. దాన్ని ఎవరి దాతృత్వంగానో పుస్తకాల్లో రాస్తే నేనూరుకోను. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రోడ్డెక్కినవాళ్లలో 32 మంది పోయారు. వాళ్లందరూ విశాఖవాళ్లు కారు. విశాఖలో నిరాహార దీక్షకి కూచున్న తమనంపల్లి అమృతరావుది గుంటూరు జిల్లా. పోలీసు కాల్పులు ఊరూరా జరిగాయి. ఆంధ్రదేశమంతా కలిసి నెత్తురు కట్టి ఒక ఊరికి కొలిమి తెచ్చింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ పునాదిరాయి వేస్తే, ఫ్యాక్టరీ జాతికి అంకితమయ్యేసరికి 1992. పొలాలిచ్చి, ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేసి లేచిపోయిన కుటుంబాల్లో ఉద్యోగం రానివాళ్ల పిల్లలు ఇంకా దరఖాస్తులు పట్టుకు తిరుగుతూనే ఉన్నారు. కైలాసగిరి మీంచి చూస్తే ఇవేవీ కనపడవు. ‘సిటీ ఆఫ్ డెస్టినీ’ అట! తలరాత రాసినవాళ్ల పేర్లు చెరిపేసి దానికి అదృష్టమని ముద్దుపేరు పెట్టుకున్నారు.

బందరు గురించి ఇంకో సాకు ఉంది: తుపాను. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీదికొచ్చింది. ఆ ఒక్క ఉప్పెనలో ఆ ప్రాంతమంతా కలిపి 30 వేల మంది దాకా పోయారంటారు. అంత చావు చూసిన ఊరి ముందు నోరు పారేసుకోను. అయితే తుపానే ఊళ్లని చంపేటట్టయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ మీదే కదా తీరం దాటింది? విమానాశ్రయం కప్పు లేచిపోయింది, చెట్టన్నది నిలబడలేదు. ముఖ్యమంత్రి అక్కడే బస చేశాడు, ప్రధానమంత్రి వచ్చి చూశాడు, కరెంటు స్తంభాలు పక్క రాష్ట్రాల నుంచి కూడా వచ్చాయి. అలా రావడమే సబబు, నాకేం కడుపుమంట లేదు. 1864లో బందరుకి ఎవరొచ్చారు? దొరల దృష్టి మద్రాసు మీద. బందరు బట్టని అప్పటికే మాంచెస్టరు మిల్లుగుడ్డ తొక్కేసింది. తుపాను వచ్చి వెళ్లాక ఎవడొచ్చాడన్న దాన్నిబట్టే ఊరు లేస్తుంది, లేదా పడుకుంటుంది.

బందరువాళ్లకీ రెండు వడ్డించాల్సిందే. ఆ ఊళ్లో బుర్రలకి ఏనాడూ కరువు లేదు. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు. జాతికి జెండా నమూనా గీసిన పింగళి వెంకయ్య ఆ కళాశాలలో పనిచేసినవాడే. దేశానికి కావలసినవన్నీ ఆలోచించిన ఊరు తన రేవు గురించి మాత్రం అంత గట్టిగా పట్టుబట్టలేదు. ప్లీడర్లు మద్రాసు వెళ్లారు, బ్యాంకు పెద్దాఫీసు హైదరాబాదు వెళ్లింది, 2020లో ఆ బ్యాంకు పేరు కూడా యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఊరికి మిగిలింది లడ్డూ, హల్వా, రోల్డుగోల్డు. తియ్యగా ఉంటాయి, మెరుస్తాయి. వాటికే పొంగిపోతూ కూచున్నాం.

ఇక శంకుస్థాపనల ప్రహసనం. బందరు పోర్టుకి 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఒక రాయి వేశారు. 2019 ఫిబ్రవరిలో, ఎన్నికల ముందు, చంద్రబాబునాయుడు ఇంకో రాయి వేశారు. 2023 మే నెలలో జగన్మోహనరెడ్డి మూడో రాయి వేశారు. ఒకే పోర్టు, ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు కొబ్బరికాయలు. పెళ్లి జరక్కుండానే ఇన్నిసార్లు పెళ్లిచూపులకి కూచున్న పిల్లని నేనెక్కడా చూడలేదు. చివరికి పనులు మొదలయ్యాయి. మొదలవగానే మళ్లీ పాత జబ్బు తిరగబెట్టింది: ఘనత ఎవరిది? అలల గోడకి ఎన్ని రాళ్లు పడ్డాయో అడిగేవాడికంటే శిలాఫలకం మీద ఎవరి పేరుందో చూసేవాళ్లే ఎక్కువ.

విశాఖవాళ్లు ఇది చదివి ముసిముసిగా నవ్వుకోకండి. మీ ఉక్కు కార్ఖానాకి ఈరోజుకీ సొంత ఇనుప గని లేదు. 2021 జనవరిలో దాన్ని మొత్తం అమ్మకానికి పెట్టాలని కేంద్రం నిర్ణయించింది. 2025లో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది, గని ఊసెత్తలేదు. రేవు దుమ్ముకి పాతపట్నంలో ఆరేసిన బట్ట నల్లబడుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో విషవాయువుకి 12 మంది పోయారు. ఊరి పేరు నిలబెట్టే పనులు ఒక్కొక్కటే జారిపోతుంటే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర లైట్లు మార్చి సంబరపడితే సరిపోదు. కుతుబ్ షాహీల కాలంలో బందరువాళ్లు కూడా తమకి తిరుగులేదనే అనుకుని ఉంటారు.

బందరు పోర్టు గురించి అడగాల్సింది ఓడ ఎప్పుడొస్తుందని కాదు. ఓడలోకి ఎక్కేదేమిటి, అది ఏ దారిన వస్తుంది? పుణెలో బయల్దేరిన 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, విజయవాడ దాటి బందరులో ముగుస్తుంది. తెలంగాణ అంతటికీ సముద్రానికి ఇంతకంటే తిన్నని బాట లేదు. ఇది పాత గోల్కొండ బాటకి వారసురాలే. అయినా హైదరాబాదు సరుకు ముంబాయి రేవుకి, చెన్నై రేవుకి వెళ్తోంది. అటు రేపల్లెలో ఒక రైలు ఆగిపోతుంది, ఇటు బందరులో ఒక రైలు ఆగిపోతుంది, నడుమ కృష్ణ. ఆ రెండు కొసలూ కలిపితే బందరు మూల స్టేషన్ కాకుండా పోయి తెనాలి మీదుగా చెన్నై లైనుకి కలుస్తుంది. ఈ కోరిక తాతల నాటిది. ప్రతి ఎంపీ ఎన్నికల్లో దీన్నొకసారి తలుచుకుంటాడు, గెలిచాక సర్వే అంటాడు. నాలుగో రాయి వెయ్యడానికి ఎవరైనా బయల్దేరితే బందరు జనం పూలదండలు పక్కన పడేసి వాళ్ల చేతిలో రేపల్లె లైను టెండరు కాగితం ఉందా లేదా చూడాలి. లేకపోతే సభకి వెళ్లకండి.